మన బడికి కంప్యూటర్లు: డబ్బు ఎక్కడ పెట్టాలి?

(2026 సంక్రాంతి సెలవుల్లో మన బడి ఆవరణలో జరిగిన స్వర్ణోత్సవ సన్నాహక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

కమిటీవాళ్లు నాకు ఇరవై నిమిషాలిచ్చి, "బడిలో పెట్టబోయే కంప్యూటర్లకు ఏమేం సామాను కొనాలో నువ్వే తేల్చు" అన్నారు. సికింద్రాబాద్‌లో పాతికేళ్లుగా కంప్యూటర్లు బిగించడం, విప్పడం నా పని కాబట్టి నన్ను పిలిచారు. సామాను పేర్లు చెప్పడం పది నిమిషాల పని. అసలు తగువు అక్కడ లేదు. మన చేతిలో సుమారు ఐదు లక్షలున్నాయి. దాంతో పన్నెండు మిషన్లు కొందామని కొందరు, ఎనిమిది చాలని నేను. ఈ పన్నెండుకూ ఎనిమిదికీ మధ్య ఏముందో చెప్పడానికే లేచాను.

ముందు ఎందుకు కొంటున్నామో ఒక్కమాట. ఎంసెట్ 2018 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది. ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్. మూడు గంటలు, 160 ప్రశ్నలు. మన దగ్గర పది పాసై ఇంటర్‌కి పోయిన పిల్ల నల్లగొండలోనో కోదాడలోనో పరీక్ష హాల్లో కూర్చుని, మౌసు చేతికి అలవాటు లేక ఒక్కో ప్రశ్న దగ్గర నాలుగు సెకన్లు తడబడితే, 160 ప్రశ్నలకు పది నిమిషాలకు పైనే పోతాయి. ఆ పది నిమిషాల్లో ఎన్ని లెక్కలు చేయవచ్చో మన లెక్కల సార్లను అడగండి. ఇంట్లో కంప్యూటర్ ఉన్న పిల్లలకు ఆ బాధ లేదు. మన బడి పిల్లల ఇళ్లలో సెల్‌ఫోను ఉంది, కంప్యూటర్ లేదు. కాబట్టి ఈ గది బోర్డు కట్టి, రిబ్బన్ కోసి తాళం వేసే గది కాకూడదు. అయిదారేళ్లు రోజూ నడవాలి. నా లెక్కలన్నీ ఆ "రోజూ" అన్న మాట చుట్టూనే తిరుగుతాయి.

మనలో బోరు వేయించని ఇల్లు తక్కువ. బోరు లోతెంత, నీళ్లెంత, పొలం దాకా పైపు దూరమెంత అని చూసుకున్నాకే మోటరు కొంటాం. "ఏడున్నర హార్స్‌పవరట, బాగుందట" అని కొనేవాణ్ణి మా నాయిన కల్లం దగ్గర కూర్చోబెట్టి నవ్వేవాడు. మోటరు ఒక్కటీ కొంటే సరిపోదనీ, కేబుల్ మందం, స్టార్టర్ సరిగ్గా లేకపోతే ఎంత మంచి మోటరైనా ఎండాకాలంలో కాలిపోతుందనీ మనకు తెలుసు. అదే మనిషి కంప్యూటర్ కొనేటప్పుడు మాత్రం "ఐ7 ఉందా, లైట్లు వెలుగుతాయా" అని అడుగుతాడు.

కాబట్టి నేను చివరి నుంచి మొదలుపెడతాను. అందరూ ఆఖరున చూసేది, అసలు చూడనిది, ఎస్‌ఎమ్‌పీఎస్. గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును లోపలి భాగాలకు కావలసిన 12, 5, 3.3 వోల్టులుగా మార్చే ఇనుప డబ్బా. క్యాబినెట్ కొంటే ఇది ఫ్రీగా వస్తుందని దుకాణాల్లో చెబుతారు. ఫ్రీగా వచ్చేదాని మీద 450 వాట్లని రాసి ఉంటుంది. చేత్తో ఎత్తితే కొబ్బరి చిప్పంత బరువు ఉండదు. లోపల రాగి తక్కువ, కెపాసిటర్లు చిన్నవి, రక్షణ కోసం పెట్టాల్సిన భాగాలకు చోటు మాత్రమే వదిలి ఉంటుంది. అది పోయేటప్పుడు ఒంటరిగా పోదు, మదర్‌బోర్డును కూడా వెంట తీసుకుపోతుంది. మొన్న దసరాకు వచ్చినప్పుడు మన మండలంలోనే ఒక జిరాక్స్ షాపు మిషన్ విప్పాను. ఎస్‌ఎమ్‌పీఎస్ పేలింది, బోర్డు పోయింది, డిస్కు కూడా పోయింది. ఆ డిస్కులో అయిదేళ్ల పెళ్లి కార్డుల మేటర్, ఇంకో ఇద్దరు డిగ్రీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు ఉన్నాయి. ఆయన ఎస్‌ఎమ్‌పీఎస్ మీద మిగుల్చుకున్నది రెండున్నర వేలు.

మనం కొనేదాని మీద 80 ప్లస్ అనే గుర్తు ఉండాలి. కనీసం బ్రాంజ్. అంటే గోడ నుంచి తీసుకున్న కరెంటులో నూటికి ఎనభై పాళ్లకు పైగా లోపలికి అందిస్తుంది, వేడిగా పోయేది తక్కువ. కానీ ఆ గుర్తుకన్నా మన ఊరికి ముఖ్యమైన మాట ఒకటి దాని పక్కన స్టిక్కర్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది: ఇన్‌పుట్ ఎన్ని వోల్టులు అని. కొన్నింటి మీద 200 నుంచి 240 అని ఉంటుంది. కొన్నింటి మీద 100 నుంచి 240 అని ఉంటుంది. యాసంగిలో మోటర్లన్నీ ఒక్కసారి ఆన్ అయితే మన లైనులో వోల్టేజీ ఎంతకు దిగుతుందో, ఫ్యాను ఎట్లా ఈదులాడుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. రెండో రకం ఆ దిగుడును తట్టుకుంటుంది. ధరలో తేడా ఉంటే కొన్ని వందలే. హైదరాబాద్‌లో ఉండి కంప్యూటర్ సలహాలు చెప్పేవాళ్లు ఈ స్టిక్కర్ గురించి మాట్లాడరు, వాళ్లకు ఆ అవసరం రాదు.

ఇక ప్రాసెసర్. నా కాగితం మీద ఇంటెల్ ఐ5 12400 రాశాను. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. 2022లో వచ్చినది. పాతది కదా అని ఒక తమ్ముడు ఇందాక అడిగాడు. పాతదే. అందుకే ధర దిగింది, బోర్డులూ చవకయ్యాయి. టైపింగ్, బ్రౌజర్, స్ప్రెడ్‌షీట్, స్క్రాచ్, పైథాన్, అప్పుడప్పుడు బడి వార్షికోత్సవం వీడియో ఎడిటింగ్: దీనికి ఇవన్నీ తేలిక. ఏఎమ్‌డీలో అయితే రైజెన్ 5 5600జీ ఇదే తరగతి, దాని లోపలి గ్రాఫిక్స్ ఇంటెల్‌కన్నా బలమైనవి. కొనే రోజున ఏది చవకగా దొరికితే అది. వీటిలో ఎవరి పక్షమూ కట్టి కొట్లాడాల్సిన పని లేదు.

ఒక్క జాగ్రత్త. అదే 12400 పక్కన ఎఫ్ అనే అక్షరంతో ఇంకొకటి ఉంటుంది. కాస్త తక్కువకే వస్తుంది. దుకాణంలో "సార్, సేమ్ టు సేమ్" అంటారు. సేమ్ కాదు. ఎఫ్ ఉన్నదాంట్లో బొమ్మ చూపించే గ్రాఫిక్స్ ఉండవు. ఇంటికి తెచ్చి మానిటర్ తగిలిస్తే నల్లగా ఉంటుంది. అప్పుడు విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనాలి. తక్కువకు వచ్చిందనుకున్నది అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది.

గ్రాఫిక్స్ కార్డు మనకు అక్కర్లేదు. ఆటలకూ, పెద్ద వీడియో పనులకూ, యానిమేషన్‌కూ కావాలి. రేపు ఒక పిల్లవాడికి ఆ వైపు బుద్ధి పుడితే బోర్డు మీద కార్డు గాడి ఎట్లాగూ ఉంటుంది. ఆ గాడి ఒక్కటే 75 వాట్లు ఇస్తుంది, అంతలోపు నడిచే చిన్న కార్డులు ఉన్నాయి. అప్పుడు చూసుకోవచ్చు.

ర్యామ్ దగ్గర కొంచెం ఆగాలి. ఈ మూడు నెలల్లో మార్కెట్టు కింద మీద అయింది. కృత్రిమ మేధ కోసం ప్రపంచమంతా డేటా సెంటర్లు కడుతున్నారు, మెమరీ చిప్పులన్నీ అటు పోతున్నాయి. మైక్రాన్ కంపెనీ, మన హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసున్న మైక్రానే, క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకు అమ్మే ర్యామ్‌లు, ఎస్‌ఎస్‌డీల వ్యాపారం ఆపేస్తామని మొన్న డిసెంబరులో ప్రకటించింది. వినాయక చవితి నాటికి నేను కొన్న ర్యామ్ ధర ఇవాళ రెట్టింపు దాటింది. ఎక్కడో అమెరికాలో కట్టే డేటా సెంటర్ మన పెద్దవూర బడి లెక్కను మార్చేసింది.

మామూలుగా అయితే ఎనిమిది జీబీ ముక్కలు రెండు వేయమంటాను. రెండు ముక్కలు జతగా ఉంటే ప్రాసెసర్ రెండింటితోనూ ఒకేసారి మాట్లాడుతుంది, లోపలి గ్రాఫిక్స్‌కు బాగా లాభం. ఈ ధరల్లో మాత్రం ఒక్కో మిషన్‌కు ఒక్క ఎనిమిదే వేసి, రెండో గాడి ఖాళీగా వదిలేద్దాం. పిల్లల పనికి ఎనిమిది సరిపోతుంది. ఆఫీసు పనికీ, వీడియోలకూ సార్లు వాడే ఒక్క మిషన్‌కు మాత్రం రెండూ వేద్దాం. కంపెనీ మిషన్లలో చవక రకాలు కొన్నింటికి ఈ వీలు ఉండదు. గాడి ఒక్కటే ఉంటుంది, ఎస్‌ఎమ్‌పీఎస్ వాళ్ల సొంత కొలతది, బయట దొరకదు. మనమే బిగించుకుంటే ఇవాళ ఖాళీ వదిలిన చోటును రేపు నింపుకోవచ్చు. నన్నడిగితే విడిభాగాలు కొని బిగించుకోవడంలో అసలు లాభం ఇదే. ధరలో మిగిలేది కొద్దే.

ఆ ఖాళీ గాడి నింపడానికి ఒక దారి కూడా ఉంది. బెంగళూరు, హైదరాబాద్‌లలో పనిచేస్తున్న మనవాళ్లు "మా ఆఫీసులో పాత డెస్క్‌టాప్‌లు తీసేస్తున్నారు, ఇరవై తెప్పిస్తాం, కొత్తవి ఎందుకు?" అంటున్నారు. మంచి మనసే. కానీ విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచీ ఉండాలి, టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. వాళ్లు తీసేస్తున్నవి చాలావరకు ఆరో తరం, ఏడో తరం. అందుకే తీసేస్తున్నారు. ఇరవై పాత మిషన్లు తెచ్చి గదిలో పెడితే ఏడాదికల్లా పన్నెండు చచ్చి, వాటి సామాను మిగతా ఎనిమిదికి పోస్తూ మన సైన్సు సారు మెకానిక్ అవుతారు. దయచేసి మొత్తం మిషన్లు పంపకండి. వాటిలో ఉన్న డీడీఆర్4 ర్యామ్ ముక్కలు ఊడదీసి, యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టి పంపండి. ఆఫీసువాళ్లను అడిగి, వాళ్లు సరేనన్నాకే సుమా. మనం డీడీఆర్4 బోర్డులే తీసుకుంటున్నాం, అవి సరిగ్గా ఆ ఖాళీ గాడిలో కూర్చుంటాయి. వేగాలు వేరైతే రెండూ తక్కువ వేగంలో నడుస్తాయి, అంతే. ల్యాప్‌టాప్ ముక్కలు మాత్రం పొట్టివి, పనికిరావు.

డిస్కు సంగతి తొందరగా చెప్పేస్తాను. తిరిగే హార్డ్ డిస్కు వద్దు. అది సెకనుకు నూట యాభై, రెండు వందల ఎంబీలు చదివితే ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీ మూడు వేలకు పైగా చదువుతుంది. నలభై నిమిషాల పీరియడ్‌లో మూడు నిమిషాలు మిషన్ లేవడానికే పోతే పిల్లలకు చిరాకు, సారుకు ఇంకా చిరాకు. 500 జీబీ చాలు. మానిటర్ 22 అంగుళాల ఐపీఎస్ తీసుకుంటే పక్కన కూర్చున్న పిల్లకు కూడా రంగులు సరిగ్గా కనిపిస్తాయి. మిషన్లు ఎనిమిదయితే ఒక్కోదాని దగ్గర ఇద్దరు ముగ్గురు కూర్చుంటారని మరవకండి.

క్యాబినెట్ గురించి మాత్రం కొట్లాడతాను. ఇప్పుడు ముందూ పక్కా అద్దం, లోపల రంగు లైట్లు ఉన్న డబ్బాలు వస్తున్నాయి. చూడ్డానికి గణేష్ మండపంలా ఉంటాయి. మే నెలలో మన దగ్గర 44, 45 డిగ్రీలు. ఆ ఎండలో రేకుల గదిలో ముందు అద్దం బిగించిన డబ్బాలోకి గాలి ఎటు నుంచి పోవాలి? ముందు జల్లెడలా మెష్ ఉన్నది, లోపల విప్పి కడుక్కునే దుమ్ము ఫిల్టర్ ఉన్నది కావాలి. ఫ్యాన్లు ముందొకటి, వెనకొకటి. వెనక వాడని గాళ్లకు పట్టీలు బిగించి ఉండాలి. నవ్వకండి, నా చేతులతో నేను విప్పిన మిషన్లలో బల్లులు ఎన్ని చూశానో లెక్క లేదు. వెచ్చగా ఉంటుందని లోపలికి పోతుంది, బోర్డు మీద రెండు కాళ్లు రెండు చోట్ల పెడుతుంది, దాని ప్రాణమూ పోతుంది, మన బోర్డూ పోతుంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఆఫీసుల్లో ఊక దుమ్ము, మన దగ్గర బల్లులు.

సాఫ్ట్‌వేర్‌కు వస్తే, దుకాణాల్లో "విండోస్ ఫ్రీగా వేసిస్తాం" అంటారు. అది దొంగ విండోస్. పిల్లలకు కాపీ కొట్టొద్దని చెప్పే బడిలో అది వద్దు. రెండు మిషన్లకు లైసెన్సు కొని, ఆరింటికి లినక్స్ వేద్దాం. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థవాళ్లు తెలుగులో లినక్స్ కోసం ఏళ్లుగా పనిచేస్తున్నారు. పైథాన్, స్క్రాచ్, బ్రౌజర్‌లో నమూనా పరీక్షలు దాని మీద హాయిగా నడుస్తాయి. తెలుగు టైపింగ్ ఇన్‌స్క్రిప్ట్‌లో నేర్పించండని మా తెలుగు మేడమ్‌కు మనవి. ఈ స్వర్ణోత్సవ సంచికకు వచ్చిన వ్యాసాల్లో సగం అను ఫాంట్లలో ఉన్నాయి, సగం యూనికోడ్‌లో ఉన్నాయి. ఒకదాన్ని ఒకటిగా మార్చలేక సంపాదకులు పడుతున్న తిప్పలు వాళ్లనే అడగండి.

ఇప్పుడు పన్నెండూ ఎనిమిదీ. నేను చెప్పిన సామానుతో ఒక్కో మిషన్ మానిటర్‌తో కలిపి యాభై వేల లోపు పడుతుంది. ఎనిమిదికి నాలుగు లక్షలు. మిగిలిన లక్ష ఎక్కడికి పోతుందంటే, కనిపించని చోటికి. ఎనిమిదింటికీ కలిపి ఒక ఆన్‌లైన్ యూపీఎస్, మూడు కేవీఏ అయితే నిశ్చింత. గదికి విడిగా మెయిన్ నుంచి వైరింగ్. మూడు పిన్నుల సాకెట్లు. అన్నిటికన్నా ముందు ఎర్తింగ్. మన బడి గదిలో మూడో పిన్నుకు వైరు ఉందా లేదా అన్నది ఎవరూ చూడలేదు. ఎర్తింగ్ లేని చోట క్యాబినెట్ ఇనుము ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది. పిల్లలు చెప్పుల్లేకుండా కూర్చునే గది అది. గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు పోసి, ప్లేటు పాతి, ఎండాకాలంలో వారానికోసారి అందులో బిందెడు నీళ్లు పోయాలి. ఆ పని అటెండర్ డైరీలో రాయాలి.

పన్నెండు కావాలంటే ఈ లక్షను మిషన్లలోకి తేవాలి, ఒక్కోదాంట్లో ఎనిమిది, తొమ్మిది వేలు కోయాలి. ఎక్కడ కోస్తారు? ప్రాసెసర్ కోయరు, అది డబ్బా మీద కనిపిస్తుంది. కోసేది ఎస్‌ఎమ్‌పీఎస్, ఎస్‌ఎస్‌డీ, యూపీఎస్, ఎర్తింగ్. రెండేళ్లకు ఆ పన్నెండు ఆరవుతాయి.

పన్నెండు ఎందుకంటున్నారో నాకు తెలుసు, మీకూ తెలుసు. పన్నెండు బ్యాచ్‌లు చందా ఇచ్చాయి. ఒక్కో మిషన్ మీద ఒక్కో బ్యాచ్ పేరు రాయాలి. తప్పేం లేదు, గుడిలో ట్యూబ్‌లైట్ మీద పేరు రాయించుకునేవాళ్లం మనం. కానీ ఎర్తింగ్ గుంత మీద పేరు ఎవరు రాయించుకుంటారు? మా బ్యాచ్‌వాళ్లతో రాత్రి మాట్లాడాను. మా పేరు ఏ మిషన్ మీదా వద్దు. ఎర్తింగ్, వైరింగ్ మావి. యూపీఎస్, రెండేళ్ల తర్వాత మార్చాల్సిన దాని బ్యాటరీలు ఇంకో మూడు బ్యాచ్‌లు తీసుకుంటే మిగతా ఎనిమిది పేర్లకు ఎనిమిది మిషన్లు సరిగ్గా సరిపోతాయి. లెక్క చూసుకోండి.

కొనడం సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీలో. పార్క్‌లేన్‌లోని ఆ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక్క మెట్ల వరసలో పది దుకాణాలు తిరిగి ధర అడగొచ్చు. కమిటీ నుంచి ఇద్దరు నాతో రండి, ఒకరు మేడమ్‌లలో ఎవరైనా అయితే మరీ మంచిది, బేరం నాకన్నా బాగా ఆడతారు. ప్రతి భాగానికీ జీఎస్టీ బిల్లు, బిల్లు మీద సీరియల్ నంబరు, బడి పేరుతోనే ఉండాలి. బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామంటారు, వద్దు. డబ్బాలో సీలుతో వచ్చిన ప్రాసెసర్‌కు మూడేళ్ల వారంటీ ఉంటుంది, విడిగా ట్రేలోంచి తీసి ఇచ్చేదానికి అది ఉండదు. ఖాళీ డబ్బాలు పారేయకుండా బీరువా మీద పెట్టండి, బిల్లుల ఫైలు హెడ్‌మాస్టర్ గారి దగ్గర ఒకటి, అసోసియేషన్ కోశాధికారి దగ్గర ఒక జిరాక్సు.

బిగించడం మాత్రం అక్కడ వద్దు. సామాను ఇక్కడికే తెద్దాం. తొమ్మిదో తరగతి పిల్లల్ని ఎనిమిది జట్లుగా కూర్చోబెట్టి వాళ్ల చేతులతోనే బిగిద్దాం, నేను రెండు రోజులు ఉంటాను. ప్రాసెసర్ కూర్చోబెట్టేది ఒక్కటి నేను చేస్తాను, అక్కడి పిన్నులు వెంట్రుకల్లా ఉంటాయి. మిగతాది స్క్రూడ్రైవర్ పనే. తమ చేత్తో బిగించిన మిషన్‌లో ఫ్యాను చప్పుడు మారితే ముందు వాళ్లకే తెలుస్తుంది.

రేపు పొద్దున ఎనిమిదింటికి హాలియా నుంచి ఎలక్ట్రీషియన్ వస్తున్నాడు. ఆ గది తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఇప్పుడే చెబితే మూడో పిన్ను సంగతి రేపే తేలిపోతుంది. మల్టీమీటర్ నా సంచిలోనే ఉంది.